రాళ్ళవాన నాటి తాళంచెవి

"ఈ మండలంలో నేరస్థుడనేవాడు తలచుకుని వణకాల్సిన పేరు ఒక్కటే, గుర్వయ్యా. ఆ పేరు నా నోటితో నేను చెప్పుకోను."

చెప్పుకోనన్నవాడు చొక్కా జేబు మీద దారంతో కుట్టించుకున్నాడు: డిటెక్టివ్ రఘుపతి. మర్రిగూడ దగ్గర మా ఊళ్ళో అతనికి మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం ఉంది. బాగుచేసిన ప్రతిసారీ రెండు మూడు మరలు మిగులుతాయి. అవి ఎక్కడివో ఇంతవరకూ తేల్చలేకపోయాడు గానీ, ఊళ్ళో నేరాలన్నీ తేలుస్తానంటాడు. ఆ గుర్వయ్యను నేనే, అతని స్నేహితుణ్ణి. నాకు బండి ఉంది కాబట్టి అసిస్టెంటును కూడా.

ఆ మే నెల మధ్యాహ్నం ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారే కూతపెట్టాయి. సాయంత్రం ఈదురుగాలులు, రాళ్ళవాన వస్తాయి, రేకుల ఇళ్ళవాళ్ళు గట్టి కప్పు కిందికి పోవాలని హెచ్చరిక. నిరుటి గాలికి మా రేకులు ఎగిరి చెలక పొలాల్లో పడ్డాయి. అందుకని జనం రేకుల మీద బండరాళ్ళు పెట్టి, మేకల్ని లోపల కట్టేసి, మూటలతో కమ్యూనిటీ హాలుకు వచ్చారు. హాలుకు తాళం ఉంది. తాళంచెవి లేదు.

పంచాయతీలో పనిచేసే కురుమయ్య ఇంట్లో గోడ మేకుకు వేలాడే జానెడంత ఇనుప చెవి అది. పొద్దున ఉంది, ఇప్పుడు లేదు. కురుమయ్య సుత్తి తెచ్చి తాళం పగలగొట్టబోతే రఘుపతి అడ్డం నిలబడ్డాడు.

"ఎవరూ ముట్టుకోరాదు. దీని మీద దొంగ వేలిముద్రలున్నాయి."

చెవి కదా పోయింది, ముద్రలు తాళం మీదెందుకుంటాయని కురుమయ్య అడిగాడు. అక్కడే నేరస్థుడి తెలివంతా ఉందన్నాడు రఘుపతి. పోయినసారి తాళం పగిలినప్పుడు సర్పంచి పెట్టిన తిట్లు కురుమయ్యకు ఇంకా గుర్తే. మబ్బు గుట్ట దాటేదాకా గడువిచ్చాడు. రఘుపతి హాలు మెట్లకు అడ్డంగా ఒక తాడు కట్టి, తను తప్ప ఎవరూ దాటొద్దని ఆజ్ఞాపించాడు.

ముందు కురుమయ్య ఇంటికి పోయాం. మేకు కింద భూతద్దం పెట్టి రఘుపతి ఒక తెల్ల ఈకను పట్టుకున్నాడు.

"దిండు ఈక. ఈ ఊళ్ళో ఈకల దిండు మీద పడుకునేవాడు లేడు. అంటే దొంగ పట్నం మనిషి."

మూలన గంప కింద కోడి గుర్రుమంది. దాన్ని నోరు మూసుకోమన్నాడు.

గంప పక్కనే కురుమయ్య తల్లి సుక్కమ్మ కూర్చుని ఉంది. ఎండాకాలం తెగులుకు ఆమె కోళ్ళన్నీ పోయి ఆ ఒక్క పెట్ట మిగిలింది. ఇప్పుడది తట్టలో గుడ్లు పొదుగుతోంది. కదిలిస్తే గుడ్లు విడిచిపెడుతుందని ముసలమ్మ హాలుకు రానంటోంది.

"గివి పిల్లలైతెనే మల్ల నా దొడ్డి నిండుతది. దీన్ని ఇడిసిపెట్టి నేనేడికి పోవాలె కొడుకా?"

ముసలమ్మకేం తెలుస్తుందని రఘుపతి ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. హాలు మూతపడితే లాభం ఎవరికి అని నన్నడిగి, టెంట్‌హౌస్ నరేశ్‌కని తనే చెప్పి, నా బండెక్కాడు.

నరేశ్ అప్పటికే షామియానాలు మడిచి మూట కడుతున్నాడు. "గీ గాలికి నా టెంటు కింద ఎవడు నిలవడతడే? నేనే హాలుకు పోతున్న," అన్నాడు. ముద్దాయి తడబడుతున్నాడని రఘుపతి నా చెవిలో అన్నాడు. నాకైతే పెట్రోలు మీదే దిగులు.

మేం తిరిగొచ్చేసరికి మబ్బు గుట్ట దాటింది. కురుమయ్య సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. సుత్తి తల ఊడి తుమ్మపొదల్లో పడింది, పిడి చేతిలో మిగిలింది. ఆ పిడి బిగించింది రఘుపతే. జనం అతన్ని చూసిన చూపు నేను చెప్పను. కురుమయ్య మా ఇద్దరి వైపు తిరిగాడు. "నేను వేరే సుత్తి తెస్త. మా అవ్వ ఒక్కతే ఉన్నది రేకుల కింద. జర తీస్కరాండ్రి," అన్నాడు.

ఇద్దరం పరుగెత్తాం. నెత్తిన రేకు దడదడలాడుతోంది. కోడి రాకుండా తను రానంది సుక్కమ్మ. రఘుపతికి పుస్తకాల భాష అక్కడే పోయింది.

"అవ్వా, నీ కాల్మొక్త, జల్ది నడువు. కోడిని నేను మోస్త."

పెట్ట, గుడ్లు, గడ్డితో సహా తట్టను నెత్తిన పెట్టుకుని, మీద గంప బోర్లించి నడిచాడు. రాళ్ళవాన మొదలైంది. ఉరిమినప్పుడల్లా వంగుతూ హాలు మెట్లదాకా వచ్చి, తను కట్టిన తాడే తట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తట్ట ఒరిగింది. సుక్కమ్మ ఒడిసి పట్టుకుంది కాబట్టి గుడ్లు దక్కాయి. గడ్డిలోంచి జానెడంత ఇనుప చెవి మెట్టు మీద ఖంగున పడింది.

అందరూ వంగి చూశారు. సుక్కమ్మే అంది. "గది మా పాత సందూకు పెట్టెది గాదా? ఉరుముకు గుడ్లు మురుగుతయని పొద్దున గడ్డిల పెట్టిన."

ఉరుములకు పొదిగే గుడ్ల కింద ఇనుము పెట్టడం మా దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నదే. రఘుపతి వాళ్ళమ్మా పెడుతుంది.

తలుపు తెరుచుకుంది. అందరూ లోపలికి పరుగెత్తారు, సుక్కమ్మ మాత్రం గడపలో నిలబడింది. ఉరుముతుంటే గుడ్ల కింద ఇనుము లేదు, ముందు ఇనుము ఇయ్యమంది. చుట్టూ చూసి, రఘుపతి జేబులోంచి ఇనుప పిడి భూతద్దం లాక్కుని కోడి కింద దోపింది. అతను ఖాళీ జేబు తడుముకుంటూ ఆమె వెనకే లోపలికి నడిచాడు.

వాన వెలిశాక పోయి చూస్తే, సుక్కమ్మ కూర్చున్న మూల మీద రేకే లేదు. నేల మీద కోడిగుడ్లంత వడగళ్ళున్నాయి. కురుమయ్య రఘుపతి చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. మొదటినుంచీ తన అనుమానం కోడి మీదేనన్నాడు రఘుపతి.

గుడ్లు పగిలి పిల్లలు వచ్చేదాకా భూతద్దం కోడి కిందే ఉంది. అన్నాళ్ళూ ఊళ్ళో ఒక్క నేరం కూడా బయటపడలేదు. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. భూతద్దం కడిగి ఇస్తూ సుక్కమ్మ దొడ్లో ఒక పిల్లను చూపించింది.

"గా పుంజుపిల్లకు నీ పేరే పెట్టిన కొడుకా. ఏం ఎతుకుతదో దానికే తెల్వది, గని గెలుకుడు ఆపది."

రఘుపతి మొహం తిప్పుకున్నాడు. మర్నాటి నుంచి మాత్రం రోజూ నూకల పొట్లంతో ఆ దొడ్డికి పోతున్నాడు. నిఘా అంటాడు.