తొమ్మిదికి రాని ఆటోలు

గురుప్రసాద్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో చెడిపోవడానికి ఏమీ లేదు. యెమ్మిగనూరులో ఆటో ఎక్కాలి, ఆదోనిలో దిగాలి, పది గంటలకు అక్కడి శిక్షణ కేంద్రంలో ప్రేమలత మేడం ముందు ఒక పాఠం చెప్పాలి. అంతే. ఆ పాఠం కూడా కొత్తది కాదు. ఒక సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుందో లేదో, భాగహారం చేయకుండా అంకెలు కూడి కనిపెట్టడం. నిన్ననే తన ఆరో తరగతికి చెప్పాడు. పిల్లలు ఎగిరి గంతేశారు.

మేడం తల ఊపితే ఆదోని కేంద్రంలో లెక్కల శిక్షకుడి పోస్టు ఆయనదే. ఆ పోస్టు మీద గురుప్రసాద్ కాపురం ఆధారపడి ఉంది. భార్య నాగవేణి ఆదోని ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు, పగటి డ్యూటీలు. ఈయనకు ఇక్కడ స్కూలు, మగ్గం చప్పుడు వినిపించే ఒక అద్దె గది. పెళ్లయిన నాటి నుంచీ వారానికొకసారే కలుసుకుంటున్నారు. ఆదోనిలో అత్తగారి వీధివాళ్లు ఆయనకు 'ఆదివారం అల్లుడు' అని పేరు పెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు చెవులు ఎర్రబడేవి.

బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. నాగవేణి.

"పది దాటితే గేటు మూసేస్తారంట. ఆయమ్మ శానా కచ్చితం. ఈసారి కూడా ఏదో ఒకటి చెప్పుకోని రావద్దు."

"నేనెప్పుడు చెప్పుకోని వచ్చినాను?"

"పోయినసారి బస్సు చెడిపోయిందని రాలేదా?"

"చెడిపోయింది బస్సు! నేను కాదు!" అని అరిచి గురుప్రసాద్ ఫోన్ పెట్టేశాడు. పొద్దున్నే కోపంతో మొదలైతే రోజు బాగుంటుందని ఆయన నమ్మకం. మధ్యలో కొత్తగా తెచ్చుకునే శ్రమ ఉండదు.

ఆదోని ఆటోల స్టాండు దగ్గరికి వచ్చేసరికి ఆ కోపం సరిపోలేదు. ఆటోలన్నీ రోడ్డుకు అడ్డంగా నిలిపి ఉన్నాయి. వాటి వెనక ఆదోని బస్సు హారన్ కొడుతోంది. బస్సు నిండా జనం, మెట్ల మీద జనం. పత్తి తీయడానికి వెళ్లే కూలి ఆడవాళ్లు సద్దిమూటలతో రోడ్డు పక్కన నిలబడి ఆటోవాళ్లను తిడుతున్నారు. ఆటోవాళ్లు వాళ్లను తిడుతున్నారు. బస్సు డ్రైవర్ ఇద్దరినీ తిడుతున్నాడు.

"ఎవడప్పా రోడ్డుకు అడ్డం పెట్టింది? ఇది మీ ఇంటి వాకిలి అనుకున్నారా?" అంటూ గురుప్రసాద్ మధ్యలోకి దూకాడు.

ఎర్రిస్వామి తన ఆటో ముందు చక్రం మీద కాలు పెట్టి నిలబడి ఉన్నాడు. పదేళ్లుగా ఆ రోడ్డు మీద బండి తోలుతున్న మనిషి.

"మా బండ్లు పోనప్పుడు ఏ బండీ పోదు సార్. ఇంత కాడికి వచ్చినాక అంతే!"

"ఎందుకు పోవు?"

"ఎందుకా? సూడు సార్, నువ్వే సూడు!"

ఆటో వెనక, నంబరు ప్లేటు పక్కన, సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు. గురుప్రసాద్ పక్క ఆటో చూశాడు. ఇంటూ. దాని పక్కది. ఇంటూ. వరసంతా అదే.

"రాత్రికి రాత్రి ఎవుడో గీసిపోయినాడు. బండ్లు పట్టుకోనిపోయేకి గుర్తు పెట్టినారేమో అని మేము బయపడి సస్తావుంటే, ఈయమ్మ వచ్చి కొత్త కథ సెప్తాంది. రైటు పడిన బండ్లు రెండో మూడో ఉన్నాయంట. జనమంతా వాటికే ఎగబడినారు. మనిషి మీద మనిషిని కుక్కుకోని ఎప్పుడో పోయినారు. మా మొగాలు సూసేవాడు లేడు!"

ఈయమ్మ అంటే మారెమ్మ. కూలి ఆడవాళ్ల ముఠాకు పెద్ద. ఆమె ఏ ఆటో ఎక్కితే మిగతావాళ్లు ఆ ఆటో ఎక్కుతారు. ఆమె చేతులు నడుము మీద పెట్టుకుని ముందుకు వచ్చింది.

"కథ కాదురప్పా. ఆరో తరగతి సదివే మా అశ్విని సెప్పింది. బళ్లో అయ్యవారే నేర్పిచ్చినాడంట. నంబరు కూడితే తొమ్మిదికి రావాల. వస్తే రైటు, రాకుంటే ఇంటూ. తొమ్మిదికి రాని బండెక్కి నేను యాడ పడి సావల్ల?"

గురుప్రసాద్ ఆ ఇంటూల వరసను మళ్లీ చూశాడు. నిన్న సాయంత్రం ఇంటిపని ఇచ్చింది తనే. దారిలో కనిపించిన బండ్ల నంబర్లు చూడండి, తొమ్మిదితో భాగించబడితే రైటు, లేకపోతే ఇంటూ వేసుకుని రండి, అన్నాడు. నోట్సులో వేసుకోమని విడిగా చెప్పాలని ఆయనకు తోచలేదు. పిల్లలకు పుస్తకం తెరవడం కన్నా బోర్డు దగ్గర మిగిలిన సుద్దముక్కలు జేబులో వేసుకోవడమే సులువనిపించింది.

ఆ ఊళ్లో బండి కొనేవాడు ఇంజను కన్నా ముందు నంబరు చూస్తాడు. మొత్తం తొమ్మిది వస్తే అదృష్టం. రానివాడు మనసులో బాధపడి, అద్దానికి రెండు మిరపకాయలు ఎక్కువ కట్టుకుని ఊరుకుంటాడు. ఇన్నాళ్లూ ఎవరి బాధ వాళ్లలోనే ఉండేది. ఇప్పుడు స్కూలు దాన్ని సుద్దతో రాసి పెట్టింది.

"ఆ అయ్యవారు ఎవుడో నాకు దొరకల్ల!" అన్నాడు ఎర్రిస్వామి.

"ఈయప్పే కదా!" అంది మారెమ్మ.

క్షణంలో గురుప్రసాద్ చుట్టూ ఖాకీ చొక్కాలు మూగాయి. ఇంకొకరైతే క్షమించమనేవారు. గురుప్రసాద్ గొంతు పెంచాడు.

"బుద్ధి ఉండాల మీకు! భాగించబడడం లెక్క! అదృష్టం కాదు! తొమ్మిదితో భాగించబడకుంటే బండి బోల్తా కొడుతుందా? తుడిచేయండి, అయిపోతుంది!"

అని దగ్గరలో ఉన్న నాగన్న ఆటో మీద ఇంటూను చేతిరుమాలుతో తుడిచాడు. అదే తప్పయింది.

"నాగన్నకు తుడిచినావు, మాకు? ఆయప్ప నీకు చుట్టమా?" అని బసవన్న మీదికి వచ్చాడు.

"తుడిస్తే నంబరు మారుతుందా అయ్యవారూ? వాత మీద పౌడరు పూసినట్లుంది," అంది మారెమ్మ. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నాగన్న ఏడుపు మొహం పెట్టాడు.

గురుప్రసాద్ గడియారం చూసుకున్నాడు. పళ్లు కొరికాడు. వాదనతో కుదరదు, లెక్కతోనే లెక్కను కొట్టాలి.

"నాగన్నా, నీది డెబ్బై మూడు పన్నెండు. చివరి రెండంకెలు ఎంత? పన్నెండు. పన్నెండు నాలుగుతో భాగించబడుతుంది. అందుకే నీ నంబరు మొత్తం నాలుగుతో భాగించబడుతుంది! తొమ్మిదొకటే అంకెనా? నాలుగేం పాపం చేసింది?"

నాగన్న మొహం విచ్చుకుంది. నలుగురు ఆడవాళ్లు అతని ఆటో వైపు అడుగు వేశారు.

"నాదో?" అన్నాడు బసవన్న.

"అరవై నాలుగు యాభై ఏడు. ఒకటి విడిచి ఒకటి కూడు. ఆరూ ఐదూ పదకొండు. నాలుగూ ఏడూ పదకొండు. తేడా సున్న. పదకొండుతో భాగించబడుతుంది. పో!"

"పదకొండు తొమ్మిది కంటే పెద్దది కదా సార్?"

"శానా పెద్దది. పో!"

పని జరుగుతోంది. ఒక్కొక్క ఆటోకు ఒక్కొక్క అంకె దొరికింది. రోడ్డు మీద సందు పడింది. బస్సు ఆ సందులోంచి దూరి, ఎవరినీ ఎక్కించుకోకుండా, కసిగా పొగ వదిలి వెళ్లిపోయింది. చివరికి ఎర్రిస్వామి మిగిలాడు. ఏడు వేల మూడు వందల ఏడు.

రెండు కాదు. మూడు కాదు. ఐదు కాదు. ఏడుతో చూశాడు, ఆరు మిగిలింది. పదకొండుతో కుదరలేదు. పదమూడుతో చూస్తే ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ గురుప్రసాద్ పౌరుషాన్ని గిల్లింది. వదిలేసి వేరే ఆటో ఎక్కి ఉంటే సరిపోయేది. కానీ లెక్కల మాస్టారు సగంలో ఆగిన భాగహారాన్ని రోడ్డు మీద వదిలి వెళ్లలేడు. సుద్దముక్క తీసుకుని ఆటో వెనక రెక్సిన్ మీద చేయడం మొదలుపెట్టాడు. పదిహేడు. పంతొమ్మిది. ఇరవై మూడు. ఆయన వెనకనుంచి నిండిన ఆటోలు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. ఎనభై మూడు దాకా వెళ్లి సుద్దముక్కను నేలకేసి కొట్టాడు.

"ఇది ప్రధాన సంఖ్య! ఒకటితో, తనతో తప్ప, లోకంలో ఏ సంఖ్యతోనూ భాగించబడదు! నేనేం చేసేది? నన్ను చంపుతారా?"

మారెమ్మ ఆటో చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"అంటే, దీన్ని ఎవుడూ ఏమీ సేయలేడు అన్నమాట."

"ఆఁ?" అన్నాడు గురుప్రసాద్.

"తక్కినవన్నీ ఎవుడికో ఒకడికి లొంగినాయి. ఇది లొంగలా. ఎక్కండే!"

మిగిలిన ఆడవాళ్లంతా మూటలతో సహా ఎర్రిస్వామి ఆటోలోకి దూకారు. గురుప్రసాద్‌కు వెనక కడ్డీ పట్టుకుని వేలాడే చోటు దొరికింది. దారి పొడవునా ఎర్రిస్వామి ఎదురొచ్చిన ప్రతి బండివాడికీ తల బయట పెట్టి "ప్రదానం! ప్రదానం!" అని చెబుతూ తోలాడు. పొలం వచ్చిన చోటల్లా ఆపి ఒక మూటను దించాడు. గురుప్రసాద్ ఆగిన ప్రతిచోటా ఒకరిని తిట్టుకున్నాడు: పిల్లలను, ఆటోవాళ్లను, మారెమ్మను, బస్సును, బండ్లకు నంబర్లు కనిపెట్టినవాణ్ని. మేడంకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆమెనూ తిట్టుకున్నాడు.

ఆదోని కేంద్రం గేటు దగ్గర దిగేసరికి పది దాటి చాలా సేపయింది. జుట్టు నిండా దుమ్ము, చొక్కా నిండా సుద్ద. కానీ గేటు తెరిచే ఉంది. లోపల పాఠం చెప్పడానికి వచ్చిన మిగతా టీచర్లు చెట్టు కింద కూర్చుని వేరుశనగలు ఒలుచుకుంటున్నారు.

"మేడం ఇంకా రాలేదు సార్," అన్నాడు ఒకాయన.

గురుప్రసాద్ ఆ ఉదయం మొదటిసారి నవ్వాడు. మొహం కడుక్కున్నాడు. నాగవేణికి ఫోన్ చేసి, "ఇల్లు చూసిపెట్టు. రెండు గదులదైతే మేలు," అన్నాడు.

అప్పుడే మేడం కారు వచ్చింది. టైర్లకు నలిగిన నిమ్మకాయల తొక్కలు అంటుకుని ఉన్నాయి. బానెట్ మీద కుంకుమ. ప్రేమలత మేడం కారు దిగి తలుపును వేసిన తీరుకు వేరుశనగలు ఒలిచేవాళ్లు లేచి నిలబడ్డారు.

"నిన్న సాయంత్రం యెమ్మిగనూరులో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. ఎవరో నా కారు వెనక ఇంటూ గీశారు. అక్కడి స్కూల్లో ఎవరో మాస్టారు బండ్లకు శకునం చెబుతున్నారట. మా డ్రైవర్ చిన్నప్ప ఈ పొద్దున అది చూసి, గుడికి తీసుకెళ్లి, పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కిస్తే తప్ప బండి తీయనన్నాడు. ఎవరా మాస్టారు?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. కానీ గురుప్రసాద్ చొక్కా మీద సుద్ద ఉంది, ఎర్రిస్వామి గేటు దగ్గరే ఆటో ఆపి ఆ చొక్కా వైపు గర్వంగా వేలు చూపిస్తున్నాడు.

"నేనే మేడం. శకునం కాదు. తొమ్మిది భాజనీయతా సూత్రం. మీ డ్రైవర్‌కు మూఢనమ్మకం ఉంటే నేనేం చేసేది? లెక్క లెక్కే. మీ నంబరు తొమ్మిదితో భాగించబడదు, అందుకే పిల్లలు ఇంటూ వేశారు. ఇందులో తప్పేముంది?" కోపం ఇంకా చల్లారలేదు కనుక గొంతు కొంచెం పెద్దదిగానే వచ్చింది.

మేడం కారు వెనక్కి నడిచి, ప్లేటు మీద వేలు పెట్టింది. రెండు, తొమ్మిది, తొమ్మిది, ఏడు.

"కూడండి."

"ఇరవై ఏడు," అన్నాడు గురుప్రసాద్. అని ఆగిపోయాడు.

"ఇరవై ఏడు తొమ్మిదితో భాగించబడదా?"

నిన్నటి తరగతి ఆయన కళ్ల ముందు తిరిగింది. ఇంటి గంట కొట్టేశారు. పిల్లలు సంచులు తగిలించుకున్నారు. తను తొందరలో, "తొమ్మిదన్నా రావాల, పద్దెనిమిదన్నా రావాల, లేదంటే ఇంటూ, పోండి," అన్నాడు. పిల్లలు పోయారు. చెప్పింది చెప్పినట్టు చేశారు.

"నేను ఈ లెక్కలు చెప్పిన మనిషినే," అంది మేడం. "మీ పిల్లలకు పాఠం బాగా ఎక్కింది. ఊరు ఊరంతటికీ ఎక్కింది. అయితే పద్దెనిమిది దగ్గర ఆగింది. మీరు యెమ్మిగనూరులోనే ఉండి దాన్ని పూర్తి చేయండి. వచ్చే ఏడాది చూద్దాం."

ఆమె లోపలికి వెళ్లింది. గురుప్రసాద్ బయటికి రాగానే గేటు మూశారు. ఎర్రిస్వామి, "సార్, తిరుగు బాడుగ వద్దులే, మా బండికి ఇంత పేరు తెచ్చినావు, ఎక్కు," అన్నాడు.

ఫోన్ మోగింది. నాగవేణి. "ఇల్లు దొరికింది. రెండు గదులు. ఓనరు అడుగుతాండాడు, ఎప్పుడు దిగుతారని. ఏమైంది, మాట్లాడవే?"

గురుప్రసాద్ గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచాడు. ఎవరిని తిట్టాలా అని వెతికితే, పొద్దుటి నుంచీ అందరూ అయిపోయి, ఒక్కడే మిగిలాడు.