ఎనిమిది మార్కుల కారు

కారు కొనడమంటే షోరూంలో తాళం చేతికి తీసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకోవడమని జనం అనుకుంటారు. అది వట్టి అమాయకత్వం. కొన్నవాడు సంతోషించాడో లేదో కంపెనీవారు స్వయంగా విచారించి, నిర్ధారించి, నమోదు చేసుకునేదాకా ఈ దేశంలో ఏ కారూ పూర్తిగా అమ్ముడుపోయినట్టు కాదు.

చిక్కడపల్లి జగదీశ్వర్‌కు ఈ సంగతి తెలియదు. ఆ ఆదివారం ఉదయం ఆయన కొత్త కారులో కూర్చుని, పక్క సీట్లో ఉన్న భార్య రాజకుమారితో ఏసీ మీట గురించి పోట్లాడుతున్నాడు. ఆ మీటకు ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి. మీట ఒకటి దాటరాదన్నది జగదీశ్వర్ సిద్ధాంతం.

"రెండు మీద పెడితే ఇంజన్ మీద లోడ్ పడతది."

"మరి నాలుగు దాక ఎందుకిచ్చిండ్రు?"

"కంపెనీవాళ్లు ఇస్తరు. ఇచ్చిందల్ల వాడుకుంటరా ఎవరన్న?"

వెనక సీట్లోంచి డిగ్రీ చదివే కూతురు అనూహ్య, "డాడీ, నేను ఉడికిపోయిన. దింపితే ఇంటికి నడిచి పోత" అంది. కారు అప్పటికే ఇంటి గేటు ముందు ఆగి ఉంది.

సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. పాత చిన్న కారు ఇచ్చేసి పెద్ద మోడల్ తీసుకున్నందుకు అభినందనలనీ, కొత్త బండి మీద తమ తొలి అభిప్రాయాన్ని పదికి ఎన్ని మార్కులో చెప్పి పుణ్యం కట్టుకోవాలనీ ఒక తియ్యటి గొంతు కోరింది.

మార్కులడిగింది ఎవరిని? అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్లుగా జనరల్ స్టడీస్ చెబుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతున్న మనిషిని. తొమ్మిది వేస్తే పిల్లలకు పొగరెక్కుతుందనీ, పది వేస్తే దిద్దినవాడికి చదువు రాదని అర్థమనీ ఆయన నమ్మకం. ఆయన చేతిలో ఎనిమిది పడ్డవాడు ఆ సాయంత్రం హాస్టల్లో అందరికీ మిర్చిబజ్జీలు తినిపించాలి. కాబట్టి జగదీశ్వర్ మనసు విశాలం చేసుకుని బ్రేకులకు ఎనిమిది, సీట్లకు ఎనిమిది, హారన్‌కు ఎనిమిది ప్రసాదించాడు. ఏసీకి కూడా ఎనిమిదే. (అందులో మూడొంతులు ఆయన ఇంకా చూడనే లేదు.) ఇంతగా మెచ్చుకున్న మనిషి ఆ కంపెనీ చరిత్రలో ఉండడని గర్వంగా ఫోను జేబులో వేసుకున్నాడు.

రాజకుమారి అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె చెప్పగలిగేది పక్క సీటు గురించే. పాత కారును తొమ్మిదేళ్లు నడిపింది ఆమె. నారాయణగూడ మార్కెట్టుకూ, కవాడిగూడలో ఉన్న తల్లి దగ్గరికీ, అనూహ్య చదువులన్నిటికీ ఆ బుడ్డ కారును ఆటోల మధ్య నుంచి సూదిలో దారంలా లాగింది ఆమె. కొత్త కారు రాగానే జగదీశ్వర్ ఒక నిబంధన తెచ్చాడు: ఫస్ట్ సర్వీసు అయ్యేదాకా బండి ఒక్క చేతి మీదే ఉండాలి. ఆ చెయ్యి ఎవరిదో విడిగా ప్రకటించాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు. ఆ చెయ్యి వారంలో ఆరు రోజులు అశోక్‌నగర్‌కు నడిచే పోతుంది గనక, ఆరు రోజులూ కారు గేటు పక్కన ముసుగు తన్ని పడుకునేది. ఆదివారం లేచి లోయర్ ట్యాంక్ బండ్ దాకా పోయి, ఏదో మొక్కు తీర్చుకున్నట్టు తిరిగొచ్చేది. రాజకుమారి కూరగాయల సంచీతో ఆటో దిగి, ఆ ముసుగు పక్క నుంచే ఇంట్లోకి వచ్చేది. ఆమెకు నగలు అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు. ఆ స్టీరింగు కావాలి.

మరునాడు సాయంత్రం షోరూం నుంచి సంయుక్త అనే అమ్మాయి పూలగుత్తితో వచ్చింది. ముఖం మాత్రం చావు పలకరింపుకు వచ్చినట్టుంది.

"సార్, ఎనిమిది ఎందుకిచ్చిండ్రు సార్?"

"ఎందుకేంది? మెచ్చుకున్న గద!"

"మా సిస్టంల పది అంటే కస్టమర్ ఖుషీగ ఉన్నట్టు సార్. తొమ్మిది అంటే కోపం ఉంది గని చెప్తలేడని."

"ఎనిమిది అంటే?"

"కోర్టుకు పోతడని సార్."

"మరి ఏడు?"

"ఏడు దాక ఇంతవరకు ఎవరూ పోలే సార్."

జగదీశ్వర్‌కు ఈ మూల్యాంకన విధానం నచ్చలేదు. సంయుక్త గొంతు తగ్గించి, "సార్, నన్ను గుర్తు పట్టలేదా? నేను మీ గ్రూప్ టూ బ్యాచ్" అంది.

"అవునా! నీకెన్ని వేసిన?"

"ఎనిమిది సార్."

"సూసినవా? ఫస్ట్ ర్యాంక్!"

"ఆ ఫస్ట్ ర్యాంక్ పట్టుకొనే సార్, నోటిఫికేషన్ వచ్చేదాక అని ఇందుల చేరిన."

ఆ నోటిఫికేషన్ రేపో మాపో వస్తుందని అశోక్‌నగర్‌లో ప్రతి టీ బండి దగ్గరా అనుకుంటూనే ఉన్నారు. (అది వచ్చిందా అని ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. మర్యాద కాదు.) రాజకుమారి టీ తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"మీరు కూడ నడుపుతరా మేడం?"

"పాతది తొమ్మిదేండ్లు నడిపిన."

"కొత్తది?"

"కొత్తది సూస్తున్న."

మంగళవారానికి విషయం పై అధికారుల దాకా పోయింది. షోరూం వారి అసంతృప్తి నివారణాధికారి ధర్మారావు ఇద్దరు మెకానిక్కులతో విచ్చేశాడు. పోయిన రెండు మార్కులు బండిలో ఎక్కడ పడిపోయాయో వెతకడం వారి పని. బానెట్ ఎత్తి చూశారు. సీట్ల కింద టార్చి వేశారు. ఒక మెకానిక్కు డిక్కీలో పడుకుని తలుపు వేయించుకుని, కాసేపటికి బయటికొచ్చి, లోపల ప్రశాంతంగా ఉందని నివేదించాడు. చివరికి ధర్మారావు చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"సార్, బండిలో ఏ దోషమూ లేదు. దోషం కస్టమర్‌లో ఉంది. అది మా వారంటీ కిందికి రాదు."

అయినా దయతలచి ఆయన పునర్మూల్యాంకనానికి ఏర్పాటు చేశాడు. గురువారం పదకొండింటికి కంపెనీ మళ్లీ ఫోను చేస్తుంది. అప్పుడు కూడా ఎనిమిదే వస్తే, సంయుక్తను చల్లటి షోరూం నుంచి తీసి ఊరి బయట పాత కార్ల యార్డుకు పంపుతారు. "అక్కడ కస్టమర్లకు మొదటి నుంచే ఆశలుండవు. వాళ్ల అభిప్రాయం మేము అడగం" అని ఆయన ఓదార్చాడు.

అశోక్‌నగర్ పక్కనే ఉంటూ కోచింగ్ లేకుండా పరీక్షకు పోవడం ఎవరికీ మంచిది కాదు. బుధవారం సాయంత్రం జగదీశ్వర్‌ను ఆయన ఇంటి హాల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి సంయుక్త మోడల్ టెస్ట్ పెట్టింది. అనూహ్య ఇన్విజిలేటర్.

"హారన్, సార్?"

"ఎనిమిది."

"సార్!"

"సరే, ఎనిమిదిన్నర."

"హాఫ్ మార్కులు లేవు సార్."

"అయితే పెట్టుమను. తప్పు లేని హారన్ ఈ భూమ్మీద ఉన్నదా? నువ్వే చెప్పు."

"డాడీ, జర అనేయరాదు పది అని" అంది అనూహ్య. "నీ జేబులకెళ్లి పోతున్నయా మార్కులు?"

"ఇరవై ఏండ్లల ఎవ్వరికీ వెయ్యలే బిడ్డా. ఇయ్యాల రేకు డబ్బాకు వేస్తే, రేపు క్లాసుల ఏ ముఖం పెట్టుకొని నిలబడాలె?"

సంయుక్త పూలగుత్తిలో వాడినవి ఏరి, వెళ్లిపోయింది.

గురువారం జగదీశ్వర్ క్లాసుకు పోతూ ఫోను ఇంట్లోనే చార్జింగులో వదిలేశాడు. మతిమరుపు ఆయన వంశంలో లేదు. గుమ్మం దాటేముందు ఒకసారి ఫోను వైపూ, ఒకసారి భార్య వైపూ చూసి, చెప్పులేసుకుని పోయాడు.

పదకొండింటికి ఫోను మోగింది. రాజకుమారి తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"మేము వాహనాన్ని ప్రధానంగా నడిపేవారితో మాత్రమే మాట్లాడాలి. మీరేనా మేడం?"

కిటికీలోంచి గేటు పక్కన ముసుగు కనబడుతోంది. పైన రెండు కాకులు కూర్చుని ఉన్నాయి. వాటికి ఎవరూ నిబంధన పెట్టలేదు.

"నేనే" అంది రాజకుమారి.

"బ్రేకులు?"

"పది."

"స్టీరింగు?"

ఆమె మళ్లీ ఆ ముసుగు వైపు చూసింది. "పది."

"బండితో ఏమైనా ఇబ్బంది పడ్డారా?"

"ఒక్కసారి కూడ పడలే." (ఇందులో అబద్ధం లేదు. ముట్టుకోని బండి ఎవరినీ ఇబ్బంది పెట్టదు.)

తొలి అభిప్రాయం దిగ్విజయంగా ముగిసింది. పావుగంటలో సంయుక్త ఫోను చేసి, "అక్కా, చల్లగుండాలె" అంది. రాజకుమారి మనసు మాత్రం స్థిమితపడలేదు. ఆమె వంటింట్లో కందిపప్పు డబ్బాలో కందిపప్పే ఉంటుంది, పంచదార డబ్బాలో పంచదారే ఉంటుంది. పైన ఒకటీ లోపల ఒకటీ ఉండటం ఆమెకు పడదు. అలాంటిది "నేనే" అన్న మాట పొద్దంతా ఖాళీ డబ్బాలా మోగుతూనే ఉంది.

రాత్రి ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. భర్త కంచంలో బెండకాయ కూర వడ్డిస్తూ, "కంపెనీ నుంచి ఫోనొచ్చింది" అంది రాజకుమారి.

జగదీశ్వర్ ముద్ద ఆపాడు. "ఏమన్నవ్?"

"పదికి పది."

"అన్నిటికీనా?"

"అన్నిటికి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తన సొంత ఇంట్లో పేపర్ లీకైనంత బాధ ఆ ముఖంలో కనబడింది. "అబద్ధమాడినవ్ రాజీ."

"ఆడిన. మార్కుల కాడ కాదు. బండి నడిపేది ఎవరని అడిగితే నేనే అన్న. అదొక్కటి అబద్ధం. మనింట్ల అబద్ధం ఉండుడు మీకూ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. అందుకని రేపటి నుంచి దాన్ని నిజం చేస్త. పొద్దున అనూహ్యను బషీర్‌బాగ్‌ల కాలేజీ కాడ దింపి, అట్నుంచి అటే కవాడిగూడ అమ్మ కాడికి పోయొస్త. తాళంచెవి నా కొంగుకు కట్టుకున్న."

"ఫస్ట్ సర్వీసు కాకముందే ఎట్ల..." అని జగదీశ్వర్ మొదలుపెట్టాడు.

ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆయన చేతికి కూర అంటి ఉంది గనక అనూహ్య తీసి చదివి, తెలుగులో చెప్పింది: వాహన యజమాని జగదీశ్వర్ గారికి నమస్కారం. కొత్త కారు విషయంలో మీరు సంపూర్ణంగా సంతోషించినట్టు నమోదు చేసుకున్నాము. ఈ సంతోషాన్ని ఇకపై సవరించడానికి గానీ, వెనక్కి తీసుకోవడానికి గానీ వీలుపడదు.

జగదీశ్వర్ దాన్ని ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత, సంపూర్ణంగా సంతోషించిన మగవాడు ఎలా ఉంటాడో అలాగే తల వంచుకుని, మజ్జిగన్నం కలుపుకున్నాడు.