పిట్ట గుద్దిన కిటికీ

ఇంటికి మంచిరోజులు వచ్చాయని ఎలా తెలుస్తుంది? బల్లి పలికితే తెలుస్తుందని కొందరంటారు. తూర్పున కాకి అరిస్తే తెలుస్తుందని కొందరంటారు. ఇవన్నీ పాతకాలపు లెక్కలు. నన్నడిగితే, ఎగిరే పిట్ట ఒకటి వచ్చి మీ కిటికీ అద్దానికి ఢామ్మని గుద్దుకుని కింద పడిందంటే, మీకు మహర్దశ పట్టినట్టే!

నవ్వకండి. నేను వ్యాపారం చేసుకు బతికేవాణ్ణి. లాభం లేని మాట నోట్లోంచి రానివ్వను.

ఈ మధ్య మన నూజివీడులో దయ ఎక్కువైపోయింది. అద్దాల కిటికీలకు తెరలు కట్టండి, కాగితాలు అతికించండి, సున్నం బొట్లు పెట్టండి, పాపం పిట్టలు చచ్చిపోతున్నాయి అని ఒకటే గోల. ఈ ఉద్యమానికి నాయకుడు ఎవరనుకున్నారు? మామిడికాయల వ్యాపారి శేషగిరిరావు గారు! మొన్న వర్తకుల మీటింగులో ఆయన జీవకారుణ్యం మీద మాట్లాడుతుంటే ముందు వరుసలో ఇద్దరు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. ఆ కారుణ్యం ఏ పూట పుట్టిందో నాకు తెలుసు.

సంగతంతా చెబుతాను. తెర కట్టాలో, ఉన్న తెర పీకాలో ఆ తర్వాత మీరే తేల్చుకోండి.

శేషగిరిరావు గారు కిందటేడు మైలవరం రోడ్డులో కొత్త డాబా వేశారు. పాత ఇంటికి అందరి ఇళ్లలాగే ఇనప ఊచల కిటికీలు, చెక్క తలుపులు ఉండేవి. అయితే ఆయన పనిమీద బెజవాడ వెళ్లి అక్కడ ఎవరిదో మేడ చూసొచ్చారు. దానికి గోడ ఉండాల్సిన చోట అద్దం ఉందట. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. ప్రభుత్వం వారు పంచవర్ష ప్రణాళికలు వేసి నదులకే అడ్డంగా ఆనకట్టలు కడుతుంటే, మనం ఒక కిటికీ పెద్దది పెట్టించుకోలేమా?

అద్దం బెజవాడ నుంచి లారీలో, కింద వరిగడ్డి, పైన వరిగడ్డి పరుచుకుని వచ్చింది. ఆయన పంపిన మామిడిపండు ఏదీ అంత సుఖంగా ప్రయాణం చేసి ఉండదు. ముందు హాలుకు, రోడ్డు వైపున, మోకాలి ఎత్తు నుంచి పైకప్పు దాకా దాన్ని బిగించారు. అది తెరవడానికి రాదు. తెరిచే కిటికీ పాత ఫ్యాషనట.

రోడ్డుకు అవతల మామిడితోట ఉంది. పగటిపూట ఆ తోటంతా, కొమ్మా రెమ్మా తప్పకుండా, ఈ అద్దంలోకి వచ్చి కూర్చునేది. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి మరీ చూసేవారు. "తోట కొనకుండానే ఇంట్లోకి తెచ్చేశాను, చూశారా!" అని శేషగిరిరావు గారు మురిసిపోయేవారు.

మనుషులే ఆగి చూస్తుంటే పిట్టల సంగతి చెప్పాలా? గృహప్రవేశం నాడే ఒక గోరింక ఆ అద్దంలో చెట్టు మీద వాలబోయి కింద రాలింది. పంతులుగారు ఒక్క క్షణం తడబడి, "లక్ష్మి లోపలికి వస్తుంటే పక్షి దారి చూపించింది" అని తేల్చేశారు. దక్షిణ ఇంకా చేతిలో పడలేదు మరి!

అప్పటినుంచి ఆ ఇంటికి కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా పొలాల వెంబడి తిరుగుతుంటే, శేషగిరిరావు గారింట్లో పాలపిట్టే వచ్చి గుమ్మంలో పడింది. వీధిలో పిల్లులు పాలు దొంగతనం మానేసి, ఆ కిటికీ కింద వరసగా, రేషను షాపు ముందు జనంలా కూర్చునేవి. ఇక చిలకల విషయమంటారా? తోటలో చిలకల్ని తోలడానికి మనం ఏం చేస్తాం? మనిషిని పెట్టి, చేతికి ఒడిసెల ఇచ్చి, రాళ్లు రువ్వించి, కూలి ఇస్తాం. శేషగిరిరావు గారి తోటలో పెద్దిరాజు చేసే పని అదే. అద్దమో? కూలి అడగదు, చుట్ట కాల్చుకోవడానికి పోదు, మధ్యాహ్నం చెట్టు కింద కునుకు తీయదు. అలాంటి పనివాడు మీకెక్కడ దొరుకుతాడు?

కానీ మంచిని మంచి అని ఆడవాళ్లు ఎప్పుడు ఒప్పుకున్నారు? శేషగిరిరావు గారి భార్య వరలక్ష్మమ్మ గారికి ఆ కిటికీ మొదటినుంచీ పడలేదు. పెద్దిరాజు పెళ్లాం వెంకాయమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పిలిచేది.

"అమ్మగారూ, ఇయ్యాల కూడా ఒకటి పడిందండీ. ఒళ్లు ఇంకా ఎచ్చగానే ఉందండీ."

వరలక్ష్మమ్మ గారు కాఫీ గ్లాసుతో పాటు ఆ కబురూ మొగుడి ముందు పెట్టేవారు.

"ఏవండీ, ఆ అద్దానికి నా పాత చీర ఒకటి కట్టేస్తాను."

"చీరా? రోడ్డు మొహాన చీర ఆరేస్తే చాకిరేవు అనుకుంటారే!"

"పోనీ గుమ్మానికి వేలాడదీసిన దిష్టిబొమ్మను కిటికీకి కట్టిద్దాం. పిట్టలూ రావు, దిష్టీ తగలదు."

"దిష్టి తగలాలనే కదే అంత అద్దం పెట్టించింది!"

"గాలి లోపలికి రాదు, ఈగ బయటికి పోదు, పిట్ట బతకదు. దీన్ని కిటికీ అంటారా? తోటలో కొట్టించేది చాలక ఇంటిదగ్గర కూడా మొదలెట్టారు."

"తోటలో అయితే నేను కొట్టిస్తున్నాను. ఇక్కడ దానంతట అదే కొట్టుకుంటోంది. ఆ పాపం నా లెక్కలోకి రాదు."

చూశారా, పాపాన్ని కూడా ఎవరి పద్దు కింద రాయాలో తెలిసిన మనిషి! అందుకే ఆయన అంత పెద్ద వ్యాపారి అయ్యారు.

ఇక్కడ మా వ్యాపారం సంగతి కొంచెం చెప్పాలి. మేము మామిడితోటను కాయ చూసి కొనం. పూత చూసి కొంటాం. చెట్టు నిండా పూత ఉన్నప్పుడే బేరం చేసుకోవాలి. ఆ తర్వాత మంచు కొట్టినా, గాలి దులిపినా కొన్నవాడి ప్రాప్తం. బేరం నోటితో చెయ్యం. పదిమంది వింటారు కదా. కొనేవాడూ అమ్మేవాడూ పక్కపక్కన కూర్చుని, చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. పైకి మాత్రం వానల గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. తండ్రి పక్కనే కూర్చున్నా కొడుకు చేసిన బేరం తెలియదు.

చాట్రాయిలో వీరయ్యది పెద్ద రసాల తోట. శేషగిరిరావు గారి నాన్నగారి కాలం నుంచీ అది వాళ్లకే వస్తోంది. ఆ తోట ఎవరు తీసుకుంటే వాడే నూజివీడులో పెద్ద వ్యాపారి. అది పోతే శేషగిరిరావు గారు కూడా నాలాగా గంపలు లెక్కపెట్టుకునే మామూలు మనిషే. అందుకని ఏటా పూత వేళ వీరయ్య వచ్చాడంటే ఆ ఇంట్లో పెళ్లివారొచ్చినంత హడావిడి.

ఈ ఏడు వీరయ్య ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. అలవాటుగా వెనకగది వైపు నడవబోతే శేషగిరిరావు గారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"అటెక్కడికండీ వీరయ్య గారూ? హాల్లో కూర్చుందాం."

"ఎనకగది అలవాటైన చోటు కదండీ."

"ఇంత హాలు కట్టించింది మీలాంటి వాళ్లు కూర్చోవడానికే. రండి, అద్దం పక్కన కూర్చోండి. రోడ్డంతా మనల్ని చూస్తుంది!"

రోడ్డంతా చూసింది!

కిటికీ వారగా వేసిన బల్ల మీద, అద్దానికి వీపులు ఆనించి ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుగా కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు దళారులు ఉన్నారు. పైన కొత్త ఎలక్ట్రిక్ బల్బు పెళ్లిపందిరిలా వెలుగుతోంది. తుండుగుడ్డ చేతుల మీద పడింది. అది ముందునుంచి వచ్చే చూపును ఆపుతుంది. వెనక ఎప్పుడూ గోడ ఉంటుంది కాబట్టి వెనక కప్పాలనే ఆలోచన మన పెద్దలకు రాలేదు.

"ఈసారి మంచు ఎక్కువగానే ఉందండీ" అన్నారు శేషగిరిరావు గారు, గుడ్డ కింద వేళ్లు పడుతూ.

"మంచుదేముందండీ, ఎండెక్కితే పోద్ది" అన్నాడు వీరయ్య, ఆ వేళ్లు వదిలించుకుంటూ.

సరిగ్గా అప్పుడే ఢామ్మంది!

గూటికి పోతున్న చిలక ఒకటి ఆ వెలుగులోకి దూసుకొచ్చి అద్దానికి కొట్టుకుని కింద పడింది. శేషగిరిరావు గారు వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "ఏం లేదు, రోజూ ఉండేదే" అని బేరంలో పడ్డారు.

ఆ సమయానికి రోడ్డు మీద పోతున్న ఒక పెద్దమనిషి మాత్రం ఆ చప్పుడుకు కరిగిపోయాడు. ఆయనా మామిడికాయల వ్యాపారే. గబగబా గేటు తీసుకుని వచ్చి, కిటికీ కింద వంగి, చిలకను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నెమ్మదిగా తలెత్తాడు. ముక్కుకు జానెడు దూరంలో అద్దం. అద్దానికి అవతల రెండు వీపులు. వీపుల మధ్య, బల్బు వెలుగులో, వేళ్లు!

ఇక ఆయన అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. చిలకను నిమిరాడు. మళ్లీ నిమిరాడు. "పాపం, పాపం" అంటూనే ఉన్నాడు. అంత సేపు ఒక మూగజీవి కోసం నిలబడే మనిషి ఈ కాలంలో ఉన్నాడా?

వరలక్ష్మమ్మ గారు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చారు. చిలకను ఆయన చేతుల్లోంచి తీసుకుని ముక్కు మీద రెండు చుక్కలు వేశారు. అది కళ్లు తెరిచి, ఆమె వేలు కొరికి, తూలుకుంటూ ఎగిరిపోయింది. ఆవిడ వేలు విదిలించుకుంటూ ఇటు తిరిగితే ఆ పెద్దమనిషి ఖాళీ చేతులతో ఇంకా అద్దం వైపే చూస్తున్నాడు.

"పిట్ట వెళ్లిపోయింది అన్నయ్యగారూ. ఇంకా ఏం చూస్తున్నారు?"

ఆయన నమస్కారం పెట్టి బయటపడ్డాడు.

లోపల బేరం ఒక వేలి తేడా దగ్గర ఆగింది. "ఇంట్లో ఓ మాట అడిగి పొద్దున్నే కబురు చేస్తానండీ" అని వీరయ్య లేచాడు. అది కూడా ఏటా ఉండే ముచ్చటే. పొద్దున్నే కబురు వస్తుందని శేషగిరిరావు గారు తాంబూలం పళ్లెం కూడా సిద్ధం చేయించారు. కబురు రాలేదు. మధ్యాహ్నం బస్సెక్కి చాట్రాయి వెళ్లారు. అప్పటికే అక్కడ తోట మాట అయిపోయింది.

"ఏం చెయ్యమంటారండీ" అన్నాడు వీరయ్య, నేల చూపులు చూస్తూ. "మీరు ఎక్కడ ఆగారో ఆయన సరిగ్గా అక్కణ్ణుంచే మొదలెట్టారు. పైన ఒక్క వేలు కలిపారు. నేను చెప్పలేదండీ. నా తోట మీద ఒట్టు!"

"నువ్వు చెప్పక, నేను చెప్పక, గుడ్డ చెప్పిందా?"

వీరయ్య వెనక్కి తిరిగి తన ఇంటి గోడ వైపు చూశాడు. "నిన్న మన ఎనకాల గోడ లేదండీ" అన్నాడు.

శేషగిరిరావు గారు ఇంటికొచ్చారు. చీకటి పడబోతుండగా హాల్లో లైటు వేయించి, వరలక్ష్మమ్మ గారిని ఆ బల్ల మీద కూర్చోబెట్టి, తాను రోడ్డు మీదికి వెళ్లి చూశారు. ఆవిడ చేతి గాజులు అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవచ్చు. పగలు పిట్టలకు లేని తోట చూపించిన అద్దం, సాయంత్రం జనానికి ఉన్న బేరం చూపించింది!

అదిగో, జీవకారుణ్యం పుట్టింది ఆ నిమిషంలోనే.

"ఏమే! నీ పాత చీర ఏదీ? తొందరగా తీసుకురా."

"చాకిరేవు అనుకుంటారేమోనండీ."

"అనుకోనీవే! అవతల పిట్టలు చచ్చిపోతుంటే నీకు హాస్యంగా ఉందా?"

ఆ రాత్రికి చీర, మర్నాటికి దళసరి జంపఖానా, వారానికి వెదురు తడిక. తర్వాత మీటింగులో ఉపన్యాసం, దండ, చప్పట్లు. ఆయన్ని చూసి రోడ్డు పొడుగునా అద్దాల కిటికీలున్న వర్తకులందరికీ ఒక్కసారిగా పిట్టల మీద ప్రేమ పొంగింది. తడికలు అల్లేవాళ్లకు తీరిక లేదు.

"మరి తోటలో పెద్దిరాజును ఒడిసెల మానెయ్యమంటారా?" అని వరలక్ష్మమ్మ గారు అడిగారట.

"తోట వేరు, ఇల్లు వేరు" అన్నారట ఆయన.

నిజమే. దయ కూడా సరుకే. ఏ కొట్లో చెల్లుతుందో ఆ కొట్లోనే పెట్టాలి.

కానీ పాఠకులారా, ఈ దయ వల్ల ఊరికి జరిగిన నష్టం ఎవరైనా లెక్కేశారా? పిట్టలు బాగానే ఉన్నాయి. పిల్లులు మళ్లీ పాల గిన్నెల మీద పడ్డాయి. నేను రోజూ సాయంత్రం మైలవరం రోడ్డులో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడుస్తున్నాను. చెప్పులు అరగడమే తప్ప ఒక్క చప్పుడు లేదు. ఎటు చూసినా తడికలే! వెలుగు బయటికి రాని ఊరు ఎలా బాగుపడుతుంది?

అందుకని నా మాట వినండి. ఆ తడికలు పీకెయ్యండి. పెద్ద అద్దం పెట్టించండి, రోడ్డు వైపే పెట్టించండి. పెద్ద బల్బు వెయ్యండి. అద్దానికి వీపు ఆనించి హాయిగా కూర్చుని బేరాలు చేసుకోండి. పిట్ట పడితే పాపమని భయపడకండి. ఎత్తుకోవడానికీ, నిమరడానికీ, అది తేరుకునేదాకా పక్కనే నిలబడడానికీ నేనున్నాను.

అన్నట్టు, ఈ ఏడు వీరయ్య తోట చిన్నరసాలు కావాలంటే శేషగిరిరావు గారి కొట్టుకు వెళ్లి శ్రమపడకండి. మా కొట్టుకు రండి. గుర్తుపట్టడం తేలిక. దానికి కిటికీలు ఉండవు. నాలుగు వైపులా గోడలే!