మంచుపులుల ముఖహాజరు

మనిషి పుట్టాడనడానికి ఒక పత్రం, పోయాడనడానికి ఒక పత్రం ఎంత అవసరమో, ఆ రెండింటి మధ్యా ఎక్కడో ఒకచోట ఉన్నాడనడానికి హాజరు అంతకన్నా అవసరం. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మంచుక్రీడల అభివృద్ధి సంస్థది. వేసవిలో నలభై మూడు డిగ్రీలు దాటే కర్నూల్లో ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు పెట్టాలని తోచింది కూడా ఆ సంస్థకే. (ఎందుకు తోచిందో ఫైల్లో రాసి ఉంది. ఫైలు ఎక్కడుందో ఎక్కడా రాసి లేదు.)

జట్టు పేరు కర్నూలు మంచుపులులు. నందికొట్కూరు రోడ్డులో మిరపకాయల బస్తాలు దాచే పాత కోల్డ్ స్టోరేజీ ఒకటి ఖాళీ చేయించి, నేలంతా నీళ్లు పోసి గడ్డ కట్టించారు. మంచు కుదిరింది గానీ గోడల్లోంచి మిరప ఘాటు పోలేదు. అవతలి జట్లు తుమ్ముతూ వచ్చేవి, తుమ్ముతూనే గెలిచి వెళ్లేవి.

గోల్‌కీపర్ చౌడేశ్వరిది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెను చూస్తూ పెరిగిన కళ్లు ఆ పిల్లవి. మంచు మీద జారుకుంటూ వచ్చే నల్ల రబ్బరు బిళ్ల ఎంత జోరుగా వచ్చినా దానికంటే ముందే చెయ్యి అక్కడుండేది. ఇరవై రెండేళ్ల బతుకులో ఒక పనిలో తనను మించినవాళ్లు లేరని తెలియడం ఆ పిల్లకు అదే మొదటిసారి. ఆ సంగతి తెలిసిన రోజు ఆనందంతో నిద్రపోలేదు. అయితే ఒప్పందంలో ఒక షరతుంది. మొదటి ఆరు ఆటల్లో ఒక్కటైనా గెలవకపోతే జట్టు రద్దు. చౌడేశ్వరి మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాలి, ఆ చేతుల సంగతి ఇంక ఎవరికీ తెలియనక్కర్లేదు.

గెలవడానికి అడ్డం ఏమిటయ్యా అంటే, పదకొండు గంటలు.

ఆట పదిన్నరకు మొదలవుతుంది. అది లీగ్ నియమం. పదకొండు నుంచి పదకొండూ పది లోపల సిబ్బంది అందరూ ‘ముఖదర్శిని’ యాప్‌లో ముఖం చూపించి, రెండుసార్లు కన్నార్పి హాజరు వేయాలి. ఇది సంస్థ నియమం. కోల్డ్ స్టోరేజీ గోడలు మందం గనుక లోపల సిగ్నల్ రాదు. ఇది ప్రకృతి నియమం. కాబట్టి పదకొండు కొట్టగానే పద్దెనిమిది మంది పులులూ స్కేట్లతోనే టకటకమంటూ గేటు బయట టీకొట్టు దాకా నడిచి, మండే ఎండలో వరుస కట్టేవారు. లోపల ఆట ఆగదు. అవతలి జట్టువాళ్లు మర్యాదస్తులు, ఖాళీ గోలు ముందు తొక్కుకోకుండా క్యూలో నిలబడి ఒక్కొక్కరే కొట్టి వెళ్లేవారు.

మొదటి ఆట సున్నా–పదకొండు. పదకొండూ ఆ పది నిమిషాల్లో పడినవే.

కోచ్ శాంతయ్య పాతికేళ్లు కబడ్డీ నేర్పిన మనిషి, ఊరుకోలేదు. హాజరు వేళ మార్చమని అర్జీ పెట్టాడు. మూడో ఆట అయ్యాక జవాబు వచ్చింది. ఆట వేళ లీగ్ పరిధిలోది, హాజరు ప్రధాన కార్యాలయం పరిధిలోది, పదకొండు గంటలు మాత్రం ఎవరి పరిధిలోనూ లేనందున వాటిని జరపడం సాధ్యం కాదన్నారు. పోనీ ముగ్గురు ముగ్గురుగా పంపుతానన్నాడు. జట్టు అంటే మొత్తం జట్టేనని సంజాయిషీ అడిగారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ పూజారి కూడా ఫోన్లోనే ఉన్నాడు.

నాలుగో ఆటకు ఇంకో చిక్కు. యాప్‌లో ఉన్న చౌడేశ్వరి ఫొటో మే నెల మిట్టమధ్యాహ్నం తీసినది. ఇప్పుడు రోజంతా మంచులో ఉండి పిల్ల ముఖం తేటపడింది. ముఖం సరిపోలలేదంది యాప్. హాజరు అధికారి అరుణ్ కుమార్ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, కొంచేపు ఎండలో మాడి రమ్మని సలహా ఇచ్చాడు. ముఖం పాత రంగుకు వచ్చేసరికి ఆట అయిపోయింది. ఐదో ఆట గురించి చెప్పకపోవడమే మర్యాద.

చౌడేశ్వరి నాయన మునీంద్ర ప్రతి ఆటకూ ఫోన్ చేసి ఎన్ని కొట్టినారమ్మా అని అడిగేవాడు. ఎన్ని పడినాయని ఒక్కసారి కూడా అడగలేదు. అదే ఆ పిల్లకు ఎక్కువ బాధగా ఉండేది.

ఆరో ఆట కడపతో. వాళ్లది వేరే శాఖ. ఆ శాఖ యాప్ మొదటి రోజు నుంచే పనిచేయలేదు కాబట్టి వాళ్లు రోజంతా సాధన చేస్తూ గట్టిపడ్డారు. అయినా పది యాభై ఐదుకు కడప గోల్‌కీపర్ ఒక పెద్ద తుమ్ము తుమ్మింది, మన కెప్టెన్ నాగజ్యోతి కళ్లు మూసుకుని ఒకటి కొట్టింది. ఒకటి–సున్నా. సీజన్లో అదే బోణీ.

అంతలో పదకొండు కొట్టింది. అందరూ కర్రలు కింద పెట్టి తలుపు వైపు కదిలారు. చౌడేశ్వరి కదల్లేదు.

"పదకొండయింది, రామ్మా," అన్నాడు శాంతయ్య.

"నేను రాను సార్. మీరు పోయి రాండి. ఈ పది నిమిషాలు నేను ఈడనే ఉంటా."

శాంతయ్య మిగతా పులుల వెనకే బయటికి నడిచాడు. ఆయన హాజరు కూడా అక్కడే వేయాలి మరి.

ఐదుగురు కడప పిల్లలు, ఒక్క చౌడేశ్వరి. మొదట వాళ్లు అలవాటు ప్రకారం క్యూ కట్టారు. నాలుగు ఆపేసరికి మర్యాద మానేసి మీద పడ్డారు. చేత్తో, మోకాలితో, ఒకసారి ముఖానికున్న జాలీతో ఆపింది. ఏడుస్తూ ఆపింది, నవ్వుతూ ఆపింది. పద్నాలుగు. మంచుపులులు తిరిగొచ్చి ఆటను అలాగే ముగించారు. ఒకటి–సున్నా. శాంతయ్య మంచు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు మునీంద్ర ఫోన్ చేస్తే మనమే నాయనా అని మాత్రం చెప్పగలిగింది.

మూడో రోజు మెమో వచ్చింది. సదరు గోల్‌కీపర్ పదకొండు గంటలకు విధుల్లో లేనట్టు యాప్ ధ్రువీకరించినందున, విధుల్లో లేని వ్యక్తి గోల్స్ ఆపడం నిబంధనలకు విరుద్ధమైనందున, ఆమె ఆపిన పద్నాలుగు గోల్సూ పడినట్టే పరిగణించడమైనది. సవరించిన ఫలితం ఒకటి–పద్నాలుగు. ఆరింటిలో ఒక్క గెలుపూ లేనందున జట్టు రద్దు. వందశాతం హాజరుకు మిగతా పదిహేడు మందికీ ప్రశంసాపత్రాలు.

మెమో ఇచ్చేటప్పుడు అరుణ్ కుమార్ తల దించుకున్నాడు. "నువ్వు ఆపినావమ్మా. నా హాజరు వేసి తలుపుకాడికి వచ్చినా, నా కండ్లతో చూసినా. నేను చూసినట్టు రాసేదానికి ఆ యాప్‌లో గడి లేదు."

సాయంత్రం ఐదులోగా గైర్హాజరుకు కారణం నమోదు చేయాలన్నారు. చౌడేశ్వరి గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్ తెరిచింది. కారణాలు నాలుగే ఉన్నాయి: అనారోగ్యం, వివాహం, ప్రకృతి వైపరీత్యం, కుటుంబంలో మరణం. పనిలో ఉన్నాను అన్నది వెతికింది, లేదు. చాలాసేపు చూసి నాలుగోది నొక్కింది. మరణించినవారి పేరు అడిగింది యాప్. కర్నూలు మంచుపులులు అని రాసింది.

యాప్ తన ప్రగాఢ సానుభూతి తెలిపి, మూడు రోజుల సెలవు అక్కడికక్కడే మంజూరు చేసి, నాలుగో రోజు పదకొండింటికి తప్పక హాజరు కావాలని గుర్తుచేసింది.