ఆవకాయ జాడీకో ప్రత్యేక గది

ఆడవాళ్ళకి ప్రయాణంలో దాహం వెయ్యకూడదు! వేసిందంటే అది పెంపకంలో లోపం. మంచి కుటుంబంలో పుట్టిన ఆడది బయల్దేరడానికి రెండు గంటల ముందే మంచినీళ్ళు మానేస్తుంది. మళ్ళీ ఇంటి గడప తొక్కాకే గ్లాసు అందుకుంటుంది. ఈ ఒక్క సుగుణం వల్ల దేశానికి ఎంత సిమెంటు, ఎన్ని టైల్సు, ఎన్ని తలుపులు మిగిలాయో ఎవరైనా ఆలోచించారా?

రాయ్‌పూర్‌లో ఈ సుగుణానికి భ్రమరాంబే నిలువెత్తు సాక్ష్యం. సిల్తారా స్టీలు ప్లాంటు ఆఫీసులో పనిచేసే రామమూర్తిగారి భార్య. పన్నెండేళ్ళుగా షుగరు. నీళ్ళు తాగాలనిపిస్తుంది, తాగితే గంటకోసారి లేవాలనిపిస్తుంది. రోడ్డు మీద లేచి ఎక్కడికెళ్తుంది? అందుకే ఆవిడ పన్నెండేళ్ళుగా చుట్టాల పెళ్ళిళ్ళకి అక్షింతలు కొరియర్లో పంపిస్తోంది. తన భార్యకి తిరుగుళ్ళంటే ఇష్టం ఉండదని రామమూర్తిగారు నలుగురికీ గర్వంగా చెప్పుకుంటారు.

అలాంటి ఇంటి ముందుకి ఒక కారవాన్ వచ్చింది. అంటే చక్రాల మీద ఇల్లు! కొడుకు వివేక్ రెండ్రోజులకి అద్దెకి మాట్లాడాడు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, ఏసీ, టీవీ. భోరమ్‌దేవ్ పాతగుడి చూసి, చిల్ఫీ ఘాటీ ఎక్కి, కొండల మధ్య పడుకుని రావాలని ప్లాను. ఎప్పుడూ రానని మొండికేసే భ్రమరాంబ, ఈసారి కొడుకు ఫోన్లో ఫొటోలన్నీ తిప్పి తిప్పి చూసి, ఒక ఫొటో దగ్గర ఆగి, వస్తానంది. అందరూ ఏసీకి పడిపోయిందనుకున్నారు. ఆ ఫొటోలో ఉన్నది కమోడు.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ ధైర్యంగా రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

డ్రైవరు యోగేష్ బండిలో సౌకర్యాలన్నీ చూపించి చివర్లో ఒక్క మాటన్నాడు. "టాయిలెట్ కీ టంకీ ఖాలీ కర్నా పార్టీ కా కామ్ హై, సాబ్." అంటే కమోడు కింద టాంకు నిండితే, దాన్ని ఖాళీ చెయ్యడం బండి తీసుకున్నవాళ్ళ పని.

రామమూర్తిగారికి సరిగ్గా అప్పుడే ఆచారం గుర్తొచ్చింది. పొయ్యికీ కమోడుకీ మధ్య మూడడుగులే! వంటింటి పక్కన ఆ గదేమిటి? ప్లాంటు క్యాంటీన్లో ఎడంచేత్తో సమోసా తినే మనిషికి ఇంత మడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి. కొందరి ఆచారం చాకిరీ ఎదురైతేనే నిద్ర లేస్తుంది. ఎవరూ వాడకపోతే టాంకు గొడవే ఉండదని తీర్మానించి, ఆ గదిలో సూట్‌కేసు, ఉల్లిపాయల బుట్ట, కమోడు మూత మీద ఆవకాయ జాడీ పెట్టించి, తాళం వేసి చాబీ జేబులో వేసుకున్నారు. కమోడు మీద జాడీ కూచుంటే మడికేం కాదు, మనిషి కూచుంటేనే మైల!

కోడలు బిందుమాధవి ఏదో చెప్పబోతే, దారిలో పెట్రోలు బంకులు లేవా అమ్మా అన్నారు.

ఎందుకు లేవు? మొదటి బంకులో ఆడవాళ్ళ గదికి తాళం, చాబీ ఉన్న మనిషి టిఫిన్‌కి వెళ్ళాడు. రెండోదాంట్లో తలుపుంది, గడియ లేదు. మూడోదాంట్లో గడియ ఉంది, లోపల కప్పు దాకా ఇంజనాయిల్ డబ్బాలున్నాయి. ఆ బంకు ఓనరూ రామమూర్తిగారూ ఒకే బళ్ళో చదువుకుని ఉండాలి.

బేమేతరా దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా భ్రమరాంబ పళ్ళు బిగబట్టింది. అదిగో కొండలు కనిపిస్తున్నాయి చూడమ్మా అని కొడుకు పిలిచినా కళ్ళు తెరవలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఒక ఫొటోని నమ్మి రెండు గ్లాసులు తాగినందుకు తనని తానే తిట్టుకుంది.

భోరమ్‌దేవ్‌లో బండి ఆగింది. ఎదురుగా వందల ఏళ్ళ గుడి, వెనక కొండలు. వచ్చిన జనం మాత్రం బండి చుట్టూ మూగారు. పాపం, గుడికి ఏసీ లేదు కదా! రామమూర్తిగారు గైడు అవతారమెత్తి పడక చూపించారు, పొయ్యి చూపించారు, ఫ్రిజ్ తలుపు తీసి వేసి చూపించారు. ఆ ఊపులో జేబులోంచి చాబీ తీసి ఆ గది కూడా తెరిచారు.

"దేఖియే, టాయిలెట్ భీ హై."

భ్రమరాంబ లేచింది. సూట్‌కేసు కొడుక్కి అందించింది. బుట్ట కింద పెట్టింది. ఆవకాయ జాడీ ఎత్తి భర్త చేతుల్లో పెట్టింది. మరి ఆ టాంకు సంగతో అని ఆయన గొణిగారు.

"మీ అమ్మగారు మంచాన పడ్డ మూడేళ్ళూ బెడ్‌పాన్ నేనే తీశానండీ. దీనికి పైపుందంట. మీరు తియ్యండి."

లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

బయటికొచ్చాక సీసాడు నీళ్ళు అంతమంది ఎదుటా ఆగకుండా తాగింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని గుడికి నడిచింది. ప్రతి శిల్పం దగ్గరా నిలబడి, ఏ తొందరా లేకుండా చూసింది. రామమూర్తిగారు జాడీ ఎక్కడ దించాలో తెలియక బండి దగ్గరే ఉండిపోయారు.

మర్నాడు ఊరొచ్చాక టాంకు ఆయనే ఖాళీ చేశారు. పైపు తగిలించాలి, మీట తిప్పాలి, అంతే. ఏడు నిమిషాలు పట్టింది. ఆ సాహసగాథ ఇప్పటికి ప్లాంటులో మూడు షిఫ్టుల వాళ్ళూ విన్నారు. గుడి ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాత్రం, మా ఆవిణ్ణి అడగండి అంటారు.

కాబట్టి చదువరులారా, మళ్ళీ చెబుతున్నాం. ఆడవాళ్ళకి ప్రయాణంలో దాహం వెయ్యకూడదు! వేస్తే ఎవరో ఒక మగవాడు ఏడు నిమిషాలు పైపు పట్టుకోవాల్సి వస్తుంది. దానికంటే ఆవిడ పన్నెండేళ్ళు గొంతెండబెట్టుకోవడమే సులువు కదా?