హద్దుల చాటింపు

శనివారం ఉదయం టీ తాగుతూ శ్రీపాల్ వేసుకున్న ప్రణాళిక చిన్నది. మర్నాడు భూపాల్ వస్తాడు. శ్రీపాల్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పనితనాన్ని ఊరి పొలాల్లో చూస్తాడు. నచ్చితే తుర్కయాంజాల్‌లో తన కింద పనిచేసే ఆరుగురు సర్వేయర్లకూ కొంటాడు. నచ్చకపోతే సోమవారం నుంచి శ్రీపాల్ వదిలేసి వచ్చిన కంపెనీలోనే మళ్లీ చేరాలి. ఆ గడువు పెట్టింది భార్య రేణుక కాదు, తనే. అందుకే వాయిదా వేయమని బతిమాలుకోవడానికి ఎవరూ దొరకలేదు.

సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్కటే. పాత భూమి కొలతల కాగితాన్నీ, ఇప్పుడు పొలంలో యంత్రంతో తీసిన కొలతల్నీ పోల్చి, హద్దు ఎక్కడ జరిగిందో ఎర్రగీతతో చూపిస్తుంది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఎకరం ధర నెలకోసారి మారుతున్న ఆ రెండువేల ఏడులో దానికి గిరాకీ ఉండాలి. కానీ అలాంటిదొకటి ఉందనే ఎవరికీ తెలియదు. షేర్ ఆటోల వెనక కాగితాలు అంటిస్తే నలభై ఫోన్లు వచ్చాయి. అందరూ గజం ఎంత అనే అడిగారు.

"భూపాలన్న వచ్చేటాల్లకు పొలంకాడ జర జనం ఉండాలె," అన్నాడు శ్రీపాల్. "ఎవ్వలు లేకుంటే, గీ పోరడు చేసింది గీ పోరనికే అక్కరకొస్తది అనుకుంటడు."

"నారయ్య తాతతోని డప్పు కొట్టియ్యి," అంది రేణుక. "టీవీల చెప్పినా ఇనరు గని, డప్పు మాట ఇంటరు."

నారయ్య ముప్పై ఏళ్లుగా ఊళ్లో చాటింపు వేస్తున్నాడు. శిస్తు, పోలియో చుక్కలు, కరెంటు కోత, ఏదైనా చివర ఒకే మాటతో ముగిసేది. ఈసారీ అలాగే ముగించాడు.

"రేపు పొద్దుగాల కంప్యూటర్‌తోని భూములు గొలుస్తరహో. అందరు రావాలహో. రానోళ్లకు తర్వాత ఏమన్నయితే మాకు సంబంధం లేదహో."

"నేను చెప్పిన దాంట్ల ఆఖరుది లేదు గద తాతా," అన్నాడు శ్రీపాల్.

"అది లేకుంటే చాటింపెట్లయితది బిడ్డా."

సాయంత్రానికి ఐలేష్ ఇంటికొచ్చాడు. ఇరవై ఎకరాల ఆసామి, ఎవరి గడపా తొక్కని మనిషి.

"జరిపిన రాయి గూడ ఎరుకైతదా దానికి?"

"బెత్తెడు జరిపినా పట్టిస్తది," అన్నాడు శ్రీపాల్, సొంత బిడ్డ గురించి చెప్పినంత గర్వంగా.

ఐలేష్ టీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు. తప్పు తనకొక్కడికే తెలిసినంతకాలం మనిషి దాన్ని ఆస్తి అనుకుంటాడు. ఇంకొకరికి తెలియబోతోందనగానే అది తప్పు అవుతుంది.

ఆదివారం తెల్లవారుతుండగా యంత్రం పెట్టే చోటు చూసుకోవడానికి వెళ్లిన శ్రీపాల్‌కు పొలాల నిండా మనుషులు కనిపించారు. ప్రతివాడి భుజాన గడ్డపార ఉంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఐలేష్ తానే ఒక హద్దురాయిని దొర్లిస్తున్నాడు.

"ఏం చేస్తున్నవే కాకా?"

"గడ్డి తీస్తున్న."

వ్యవసాయం మీద ఊరికి ఇంత శ్రద్ధ ఉందని తెలిసి శ్రీపాల్ సంతోషించాడు.

పదింటికి భూపాల్ వచ్చాడు. మూడుకాళ్ల యంత్రం పెట్టి ఐలేష్ పొలం కొలిచారు. లాప్‌టాప్‌లో ఎర్రగీత రాలేదు, హద్దు సరిగ్గా ఉంది. రెండో పొలమూ అంతే. ఆరో పొలానికి భూపాల్ ముఖం బిగుసుకుంది.

"ఇరవై ఏండ్ల సంది గొలుసు గుంజుతున్న. ఏ ఊర్లె ఆరు పొలాలు ఇట్ల సక్కగ లేవు. గిది కొలుస్తదా, మర్యాద జేస్తదా?"

భూపాల్ స్కూటర్ తాళం తీశాడు. శ్రీపాల్ అడ్డం వచ్చాడు.

"ఇంకొక్కటి అన్నా. మా బాపుది చూసి పో."

వెనక నిలబడ్డ తండ్రి అంజిలయ్య ముందుకొచ్చాడు. "మనదెందుకు రా. మనది మనకెరుకనే గద."

"కొలువనియ్యవయ్యా," అంది పక్క పొలం పోశమ్మ. "పొద్దుగాల ఊరి మొగోళ్లంత రాళ్లు మోసి నడుములు పట్టుకున్నరు. నీ నడుమొక్కటే మంచిగున్నది."

కొలిచారు. తెర మీద ఎర్రగీత నిండుగా వచ్చింది. అంజిలయ్య పొలం పోశమ్మ పొలంలోకి గుంటన్నర నడిచి వెళ్లింది.

"యంత్రం ఖరాబయింది," అన్నాడు అంజిలయ్య.

భూపాల్ స్కూటర్ మీంచి తన పాత కొలత గొలుసు తెచ్చి స్వయంగా కొలిచాడు. గుంటన్నరే వచ్చింది. అతని ముఖంలో పొద్దుటి నుంచీ లేని వెలుగు కనిపించింది.

"ఇప్పుడు నమ్మిన. నా ఆరుగురికి ఎయ్యి."

జనం పలచబడ్డాక శ్రీపాల్ తండ్రి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. అవమానపడాలో ఆనందపడాలో మనసు ఇంకా తేల్చుకోలేదు.

"ఊరంత సర్దుకుంటుంటే నువ్వెందుకు సర్దలే బాపు?"

"కొడుకు యంత్రమాయె. ఇంటోన్ని పట్టిస్తదా అనుకున్న."

మధ్యాహ్నం అంజిలయ్యే రాయి దొర్లించాడు. పోశమ్మ నిలబడి చోటు చూపించింది.

ఆ వారమంతా అంజిలయ్య కోపంతో అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి జల్‌పల్లి దాకా చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, తన కొడుకు సాఫ్ట్‌వేర్‌ను దగ్గరికి రానీయవద్దని ఒక్కొక్కరికీ వివరించి చెప్పాడు. నెల తిరిగేసరికి శ్రీపాల్‌కు పద్దెనిమిది ఫోన్లు వచ్చాయి, అన్నీ ఆ చుట్టాల పక్క పొలాలవాళ్ల నుంచే.