ఏడు తలుపుల గూడు

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ పరిషత్తులుండేవి. నీళ్లకొకటి, నీడకొకటి, నాటకాలకొకటి. నీళ్లు ఇంకిపోయినా, నీడ పల్చబడినా, నాటకాలు మాత్రం ఒక్కరోజు ఆగలేదు.

వాటిని రాసేవాడు పోగులయ్య అనే గిజిగాడు. వాడి ‘మెరుపు ఉడత’ అడవినంతా ఊపేసింది. కథ బెత్తెడు. డేగ ఒక కౌజుపిట్టని ఎత్తుకుపోయి కొమ్మకి కట్టేస్తుంది. భుజాలకి టేకాకు కట్టుకున్న ఉడత ఎగిరొచ్చి డేగ ముక్కు మీద ఒక్కటిచ్చి, కట్లు విప్పి పిట్టని దింపుతుంది. అంతే. కోతులు గొంతులు పోయేదాకా ఈలలేశాయి.

పెదవి విరిచినవాడు ఒక్కడే. జంబుకాచార్యులనే నక్క, పేరుమోసిన విమర్శకుడు. సాయంత్రం ఆయన పుట్టెక్కి ఏది కూస్తే మిగతా నక్కలన్నీ అదే కూస్తాయి. నాటకం చూశాయా లేదా అన్నది వాటికి పట్టదు.

“పిల్లలకి బాగుంది,” అని కూశాడాయన.

ఆ రెండు మాటలూ పోగులయ్యకి ముల్లులా దిగబడ్డాయి. తిండి సయించలేదు. అవతల తొలకరి దగ్గర పడుతోంది. గిజిగాళ్లలో మగవాడు గూడు అల్లితే, ఆడది లోపలికెళ్లి చూసి ఔననో కాదనో అంటుంది. దాని మీద అప్పీలు లేదు. వాడు మనసు పడ్డ చుక్కమ్మ ముందే చెప్పింది, “వానల్లోగా గూడు చూపించు. నచ్చితేనే కాపురానికొస్తా.”

“ముందు రెండో భాగం కానీ,” అన్నాడు పోగులయ్య. “ఆచార్యులవారి నోట ‘గాఢం’ అనిపించుకున్నాక గూడెంత పని?”

పరిషత్తు కూడింది. తలకో మాట.

“మా దారులు మూసుకుపోతున్నాయయ్యా. ఆ బాధ కాస్త పెట్టు. గంట చాలు,” అంది అధ్యక్షస్థానంలో ఉన్న ఏనుగు.

“తేనెలో వేదాంతం ఉంది. ఎవరూ గమనించరు,” అంది ఎలుగుబంటి.

డేగ ముక్కు తడుముకుంది. “నేనెందుకిలా తయారయ్యానో ఎవరైనా అడిగారా? మా అమ్మ నన్ను గూట్లోంచి తోసేసింది.”

“నాకో సందేహం ఉండాలి,” అంది ఉడత. “టేకాకుని నేను కట్టుకున్నానా, అదే నన్ను కట్టుకుందా అని.”

పోగులయ్య ఎవర్నీ కాదనలేదు. పోగు కనిపిస్తే అల్లేయడం వాడి జాతిగుణం.

రెండో భాగం పొద్దుటే మొదలై పొద్దు వాలేదాకా సాగింది. ఏనుగుల దారులు వచ్చాయి, పోయాయి. ఎలుగుబంటి చాలాసేపు మౌనంగా తేనె నాకింది. డేగ తల్లిని తలుచుకుని ఏడ్చింది, ఉడత ఓదార్చబోయి తనూ ఏడ్చింది. ఇద్దరూ కావలించుకున్నారు, టేకాకు రాలిపడింది. నాటకం అయిపోయింది.

పొద్దుటే డేగ కొమ్మకి కట్టేసిన కౌజుపిట్ట ముద్దమ్మ మాత్రం వేలాడుతూనే ఉంది. ఆవిణ్ణి దింపే సంగతి రచయిత మరిచిపోయాడు.

“ఏమండీ, నన్నెవరైనా దింపుతారా?” అంది ముద్దమ్మ.

పోగులయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో జంబుకాచార్యులు లేచాడు.

“సామాన్యుడి ఆక్రందన,” అన్నాడు గద్గదంగా. “కాపాడే కథలో కాపాడటమే లేదు. గాఢం.”

“గాఢం, గాఢం,” అని నక్కలన్నీ అందుకున్నాయి.

“గాఢం కాదు, గందరగోళం. నా నడుం పట్టేసింది,” అంది అడవిపంది.

అడవి రెండుగా చీలింది. తేల్చడానికి పరిషత్తు ఒక కమిటీ వేసింది. పదిమందిలో పాము చావదంటారు. కమిటీ మూడు రోజులు కూర్చుని ‘గాఢమైన గందరగోళం’ అని తేల్చింది. రెండు పక్షాలూ తామే గెలిచామని ఊరేగాయి.

ముద్దమ్మ కట్లు నాటకమైన సాయంత్రమే చుక్కమ్మ విప్పింది. “మొదటి భాగంలో ఉడత చేసింది ఇదొక్కటే కదమ్మా,” అంది ముద్దమ్మ, కాళ్లు రుద్దుకుంటూ. పోగులయ్య అటు చూడనే లేదు. నక్కల కూతలు వింటున్నాడు. పుట్టాక అంత సంతోషం వాడెరగడు.

మబ్బు పట్టింది. వాడు అదే ఊపులో గూడు అల్లాడు. ఏడు తలుపులు. ఒకటి ఏనుగుల దారికేసి, ఒకటి తేనెగాలికి, ఒకటి తల్లి జ్ఞాపకానికి, ఒకటి ఊరికే సందేహానికి. మిగతా మూడూ ఎందుకో వాడికీ తెలీదు. జంబుకాచార్యులు కింద నిలబడి, “గూళ్ల చరిత్రలో ఇంత గాఢమైన గూడు లేదు,” అని కూశాడు.

చుక్కమ్మ లోపలికెళ్లింది. ఒక తలుపున దూరి ఇంకో తలుపున బయటపడింది. మళ్లీ దూరింది, మళ్లీ బయటపడింది. నాలుగోసారి గుమ్మంలో ఆగింది.

“అన్నీ ఉన్నాయి. గుడ్డెక్కడ పెట్టను?”

పోగులయ్య గొంతు సవరించుకున్నాడు. “అది చూసేవాళ్ల ఊహకి వదిలేశాను.”

చుక్కమ్మ వాడికేసి జాలిగా చూసింది. “నువ్వంటే ఇష్టమే పోగులయ్యా. కానీ గుడ్డు ఊహలో ఆగదు. కింద పడుతుంది.”

పక్క కొమ్మన, నాటకమే చూడని ఒక గిజిగాడు ఒక్క తలుపుతో గూడు కట్టుకున్నాడు. చుక్కమ్మ అక్కడికెళ్లి, లోపల ఒకసారి తిరిగి చూసి, ఇక బయటికి రాలేదు.

వాన ఏడు తలుపుల్లోంచీ కొట్టింది. పోగులయ్య తడిసి ముద్దయి, సిగ్గు విడిచి ఏడ్చాడు. కింద, ఒకే ఒక్క తలుపున్న తన పొడి బొరియలోంచి జంబుకాచార్యులు తల బయటపెట్టి, “విషాదాంతం. ఇంకా గాఢం,” అని కూసి లోపలికెళ్లి పడుకున్నాడు.

నీతి: గూటికి ఎన్ని తలుపులైనా పెట్టుకోవచ్చు, అందులో కాపురముండేది విమర్శకుడైతే.